అటక మీది పాత తుపాకీ: బాగుచేయించాలా, ఉన్నట్టే ఉంచాలా, అప్పగించాలా?

గడి కూలగొట్టేటప్పుడో, పెంకుటిల్లు విప్పేటప్పుడో గోనెసంచిలో చుట్టిన తుపాకీ ఒకటి అటక మీది నుంచి దిగడం వరంగల్, ములుగు, జగిత్యాల దిక్కు వినని మాటేమీ కాదు. ఎక్కువగా దొరికేది భర్మారు, అంటే మూతి నుంచి మందు కూరే తుపాకీ, లేకుంటే డబుల్ బ్యారెల్ పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత). అప్పుడప్పుడు మిలిటరీ రైఫిల్ కూడా వస్తుంది. ఏది దొరికినా నిండుగా దొరకదు. ఒకదానికి బోల్టు (తూటాను వెనక నుంచి మూసే కడ్డీ) ఉండదు, ఇంకోదానికి మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) ఉండదు, కర్రను చెదలు సగం తినేసి ఉంటాయి. ఇక ఇంట్లో రెండు మాటలు మొదలవుతాయి: "తాత గుర్తు, బాగుచేయిద్దాం" అని ఒకరు, "ఎందుకొచ్చిన తంటా, బాయిల పారెయ్" అని ఇంకొకరు. రెండూ తొందరపాటే.

అమెరికాలో పాత సైన్యపు రైఫిల్ దుకాణంలో దొరుకుతుంది, లేని భాగాలు పార్సిల్‌లో వస్తాయి. అక్కడివాళ్లు చేసిన వీడియోలు చూసి ఇక్కడ లెక్క వేసుకుంటే మునుగుతాం. మన దగ్గర సైన్యం తన పాత రైఫిళ్లను జనానికి అమ్మదు. తుపాకీ భాగాలను బయటి దేశం నుంచి తెప్పించుకోవడానికి దిగుమతి లైసెన్సు కావాలి. అందుకే ఇక్కడ "ఎంత ఖర్చవుతుంది" అన్నది చివరి ప్రశ్న. మొదటి రెండు ప్రశ్నలు వేరు: ఇది ఏ బోరు? లేని భాగం ఏది?

చేయి పెట్టక ముందు

పాత తుపాకీ ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. భర్మారు విషయంలో ఇది మరీ ముఖ్యం. నల్లమందు, గుండ్లు, గుడ్డపీలిక కూరి గోడకు ఆనించిన తుపాకీ యాభై ఏళ్ల తర్వాత కూడా పేలగలదు. మందు పొడిగా ఉన్నంత కాలం దానికి కాలదోషం లేదు. గొట్టం మూతిని మనుషుల వైపు తిప్పొద్దు, ఎండలోనూ పొయ్యి దగ్గరా పెట్టొద్దు, తుప్పు వదలడానికని వేడి చేయొద్దు. తెలిసిన రిపేరర్ దీన్ని చెక్క కడ్డీతో తేలుస్తాడు. కడ్డీని మూతి నుంచి లోపలికి దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనిస్తాడు. కడ్డీ కొస గొట్టం వెనక చివర దాకా రాకుండా రెండు మూడు అంగుళాల ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే. దాన్ని తీసే పని మీది కాదు. తుపాకీతో పాటు దొరికిన పాత తూటాలదీ అదే సంగతి, అవి ఇంట్లో ఉండొద్దు.

తర్వాత తుపాకీని కదల్చకుండానే ఫొటోలు తీయండి: మొత్తం రెండు వైపులా, నంబర్లు, ముద్రలు, దొరికిన చోటు. ఈ ఫొటోలు ముందుముందు మీ మాటకు ఆధారం అవుతాయి.

ముద్రలు ఏం చెబుతాయి

మిలిటరీ రైఫిల్ అయితే మన దేశంలో ఎక్కువగా కనిపించేది లీ-ఎన్‌ఫీల్డ్ కుటుంబం. పిడి మొదలయ్యే చోట, బోల్టు పిడి కిందుగా ఉండే లోహపు మెడ మీద చూడండి. కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, తయారైన ఊరు, ఏడాది వరుసగా ఉంటాయి. ఇషాపూర్ అని ఉంటే బెంగాల్ కార్ఖానా సరుకు, ఎన్‌ఫీల్డ్ అంటే ఇంగ్లండుది. కిరీటానికి బదులు మూడు సింహాల ముద్ర, ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అన్న అక్షరాలు ఉంటే స్వాతంత్ర్యం తర్వాతిది. మూతి దగ్గర మొద్దుగా, గొట్టంతో సమానంగా తెగినట్టుంటే 1907లో మొదలైన పాత నమూనా. గొట్టం కొస కొద్దిగా బయటికి పొడుచుకొని వస్తే రెండో ప్రపంచ యుద్ధం నాటి నంబర్ 4. పలకలుగా, చదరంగా ఉన్న మ్యాగజీన్ కనిపిస్తే అది 7.62 మిల్లీమీటర్ల తూటాకు ఇషాపూర్‌లో చేసిన 2ఎ లేదా 2ఎ1.

డి.పి. అన్న అక్షరాలు కొట్టి ఉన్నాయంటే కవాతు కోసం పక్కన పెట్టిన రైఫిల్ అని అర్థం. కొన్నింటికి తూటా గదిలోకి అడ్డంగా రంధ్రం కూడా వేసి ఉంటుంది. దాన్ని పూడ్చి "నిండు" చేయాలన్న ఆలోచన ప్రాణానికే ప్రమాదం. అరిగిపోయినవనో, లోపం ఉన్నవనో తేలాకే చాలావాటిని కవాతుకు పంపారు.

ఏ బోరుకు ఏ దారి

.303 (పాత లీ-ఎన్‌ఫీల్డ్‌ల బోరు), 7.62, పోలీసులు వాడిన .410 మస్కెట్ ఈ మూడూ నిషిద్ధ బోర్లు. వీటికి జిల్లా స్థాయిలో లైసెన్సు పుట్టదు. ఆ అధికారం కేంద్రం చేతిలో ఉంది, మామూలు మనిషికి తలుపు మూసినట్టే లెక్క. అంటే అటక మీద దొరికింది .303 అయితే దాన్ని కాల్చే స్థితికి తేవడం అన్న ఎంపికే మీకు లేదు. అది చక్కగా ఉన్నా, సగమే ఉన్నా తేడా లేదు.

.315 స్పోర్టింగ్ రైఫిల్‌ది వేరే కథ. చూడటానికి లీ-ఎన్‌ఫీల్డ్‌కు తమ్ముడిలా ఉంటుంది గానీ, సైన్యపు తూటా పట్టకుండా పౌరుల కోసమే చేసిన బోరు. దాని తూటా పాత ఆస్ట్రియా మాన్‌లికర్ తూటా నుంచి వచ్చింది. ఇషాపూర్, తిరుచిరాపల్లి కార్ఖానాలు ఈ రైఫిల్‌ను చేశాయి. లైసెన్సు ఉన్న ఇంట్లో ఇది ఉంటే బాగుచేయించడం సాధ్యమే, విడి భాగాలకు దారి ఉంది. పన్నెండు బోరు కూడా అంతే.

భర్మారు పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదన్న మాట మన ఊళ్లలో గట్టిగా నాటుకుపోయింది. అది తప్పు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది ఒక్కదానికే: కాలం చెల్లిన నమూనా గానీ, పురాతన విలువ ఉన్నది గానీ, పాడైపోయినది గానీ, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. ఆ "రిపేరు చేసినా" అన్న మాట దగ్గరే అందరూ జారిపడతారు. గుర్రం (మందును పేల్చే సుత్తి) విరిగిన భర్మారుకు కమ్మరి పూటలో కొత్త గుర్రం చేయగలిగితే అది పాడైన తుపాకీ కాదు, రిపేరుకు వచ్చిన తుపాకీ. బోల్టు లేని రైఫిల్‌కు బోల్టు పెడితే కాలుతుందంటే అదీ అంతే. మినహాయింపు వర్తిస్తుందో లేదో తేల్చాల్సింది మీరూ కాదు, మీ బావమరిదీ కాదు. పోలీసు ఆర్మరర్‌దో (ఆయుధాల మరమ్మతు చూసేవాడు), ఫోరెన్సిక్ ల్యాబ్ బాలిస్టిక్ నిపుణుడిదో రాతపూర్వక అభిప్రాయం ఉండాలి.

శిక్షల లెక్క చూస్తే ఏది పెద్ద తప్పో తెలుస్తుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ దగ్గర పెట్టుకుంటే రెండు నుంచి ఐదేళ్లు. నిషిద్ధ బోరు అయితే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. లైసెన్సు లేకుండా తుపాకీని రిపేరు చేసినా, మార్చినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. తుప్పు పట్టిన రైఫిల్‌కు సరదాగా బోల్టు చేయించిన మనిషి, దాన్ని ఊరికే అటక మీద ఉంచిన మనిషి కన్నా పెద్ద గుంతలో పడతాడు.

లేని భాగాన్ని బట్టి

భాగాలను మూడు రకాలుగా చూడాలి. పట్టీ కొక్కేలు, పిడి అడుగు పలక, గొట్టం మీది చెక్క కవచం లాంటివి లేకపోతే తుపాకీ రూపం తగ్గుతుంది గానీ స్వభావం మారదు. మ్యాగజీన్ మధ్యరకం. బోల్టు, గొట్టం, లాకు (పేల్చే యంత్రం), ఫైరింగ్ పిన్ (తూటా అడుగును పొడిచే సూది) మూడో రకం. అవి లేకపోవడమే ఆ వస్తువును ప్రస్తుతానికి నిశ్చలంగా ఉంచుతోంది.

లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు మీద, చట్రం మీద ఒకే నంబరు ఉంటుంది. అది అలంకారం కాదు. తూటా అడుగుకూ బోల్టు ముఖానికీ మధ్య ఉండే ఖాళీ వెంట్రుకవాసి లెక్కలో కుదరాలి. అందుకే ఏ రైఫిల్‌కు ఆ బోల్టును కార్ఖానాలో కూర్చి నంబరు కొట్టేవాళ్లు. నంబర్ 4 రైఫిల్‌కైతే ఆ సర్దుబాటు కోసమే 0 నుంచి 3 దాకా నాలుగు కొలతల్లో బోల్టు తలలు ఉండేవి. ఎక్కడిదో బోల్టు తెచ్చి తోస్తే లోపలికి చక్కగా పోతుంది, మూసుకుంటుంది కూడా. ఆ ఖాళీ ఎక్కువైనప్పుడు పేలిన తూటా ఇత్తడి వెనక్కి సాగి అడుగు దగ్గర చిట్లుతుంది, మంట, వాయువు కాల్చేవాడి కంటి వైపు తన్నుకొస్తాయి. బోల్టు లేని మిలిటరీ రైఫిల్ దొరికితే లోటు అనుకోకండి. అది అలాగే ఉండనివ్వండి.

పన్నెండు బోరు: బాగుచేయిస్తే అర్థం ఉన్నది

తాత పేరున లైసెన్సు ఉండి, అది వారసుడికి మారి, తుపాకీ మాత్రం మూలపడి ఉన్న ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. రిపేరు ఖర్చు సార్థకమయ్యేది ఎక్కువగా ఇక్కడే. అయితే చేతికిచ్చే ముందు నాలుగు పరీక్షలు చూడాలి. రిపేరర్ దుకాణంలో, మీ ముందే చేయించుకోవచ్చు.

గొట్టాల జతను విడదీసి, కొక్కెం పట్టుకొని వేలాడదీసి, చెక్కతో మెల్లగా తట్టాలి. గుడిగంటలా సాగే మోత వస్తే రెండు గొట్టాలను కలిపిన టంకం గట్టిగా ఉంది. పగిలిన కుండలా మొద్దుగా మోగితే గొట్టాల మధ్య పట్టీ ఊడుతోంది. టంకం మళ్లీ పోయడం ఖరీదైన పని, అందరికీ వచ్చేదీ కాదు. తర్వాత ముందు చెక్క తీసేసి, తుపాకీని మూసి, పిడి పట్టుకొని ఊపాలి. కటకటమంటే కీలు అరిగింది. గొట్టం వెనక భాగానికీ చట్రానికీ మధ్య వెలుతురు గీతలా కనిపిస్తే మరీ అరిగిందని. మూడోది, గొట్టం లోపల. దీపం వైపు పెట్టి చూస్తే నీడల వలయాలు నిండుగా, గుండ్రంగా కనిపించాలి. ఎక్కడైనా వలయం వంకర పోతే అక్కడ సొట్ట ఉంది. నల్లటి గుంటలు తూటా గది దగ్గర ఉంటే ఆశ వదులుకోవాలి, మూతి దగ్గర ఉంటే ఆలోచించవచ్చు.

నాలుగోదే అసలుది. గొట్టం మీద చాప అల్లికలాంటి, పాము చర్మంలాంటి గీతలు కనిపిస్తే అది ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చుట్టిన డమాస్కస్ గొట్టం. ఉక్కుకు పేరు మోసిన కోనసముద్రం నిజామాబాద్ జిల్లాలోనే ఉంది కాబట్టి ఆ గీతలు చూడగానే మనవాళ్లకు మురిపెం పుడుతుంది. కానీ ఆ పాత కత్తుల ఉక్కు వేరు, ఈ చుట్టిన గొట్టం వేరు. ఇది నల్లమందు కాలపు సరుకు. అతుకుల మధ్య తుప్పు లోలోపలే తింటుంది, బయటికి కనిపించదు. నేటి తూటా ఒత్తిడికి ఎప్పుడు చీలుతుందో చెప్పలేం. డమాస్కస్ గొట్టం ఉన్నదాన్ని వాడకానికి బాగుచేయించొద్దు.

మామూలు ఉక్కు గొట్టమే అయినా పాత ఇంగ్లీషు తుపాకీ అయితే తూటా గది పొడవు కొలిపించండి. చాలావాటికి రెండున్నర అంగుళాలే ఉంటుంది, ఇప్పుడు దొరికే తూటాలు రెండు ముప్పావు. పొడుగు తూటా పొట్టి గదిలో పట్టదు కదా అనుకుంటారు. పడుతుంది. ఎందుకంటే పెట్టె మీద రాసే పొడవు కాల్చిన తర్వాత మూతి విప్పుకున్న గొట్టానిది. మడత పెట్టిన కొత్త తూటా అంతకంటే పొట్టిగానే ఉంటుంది. కాల్చినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు లేక దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది.

ఇవన్నీ దాటితే, లేనివి గుర్రం, ఫైరింగ్ పిన్, స్ప్రింగు, ముందు చెక్క గొళ్లెం లాంటివైతే, బాగుచేయించడమే మంచిది. దుకాణదారు లైసెన్సులో అమ్మకమే ఉందా, రిపేరు కూడా ఉందా అడిగి చూడండి. తుపాకీ ఇచ్చేటప్పుడు నంబరుతో రసీదు తీసుకోండి. లైసెన్సు పుస్తకంలో నంబరు, తుపాకీ మీది నంబరు అక్షరం పొల్లు పోకుండా కలవాలి. తుప్పు కింద 3 అనుకున్నది 8 అయితే ఆ తిప్పలు వేరే చెప్పాలా!

ఇంతకీ బాగుచేయించి ఏం చేస్తారన్నది ముందే తేల్చుకోండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత వేటన్న మాట లేదు. గురి సరదా ఒక్కటే అయితే .177 బోరు ఎయిర్ రైఫిల్ చాలు. 20 జౌళ్ల శక్తి దాటనంత వరకు దానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. పాత తుపాకీ మీద పెట్టే ఖర్చులో కొత్త ఎయిర్ రైఫిల్ వచ్చేస్తుంది, ఛర్రాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఉన్నట్టే ఉంచడం

లైసెన్సు ఉన్నదాన్ని గానీ, మినహాయింపు రాతపూర్వకంగా తేలినదాన్ని గానీ ఇంట్లో గుర్తుగా ఉంచుకోవాలంటే ఇదే సరైన దారి. పాత వస్తువు విలువ దాని పాతదనంలోనే ఉంది. చాలామంది ఇసుక కాగితంతో రుద్ది, వార్నిష్ కొట్టించి, కొత్తదానిలా చేసి చేజేతులా చెడగొడతారు.

తుప్పు రెండు రకాలు. గోధుమ, నలుపు రంగులో గట్టిగా అంటుకొని ఉన్నది ఆగిపోయిన తుప్పు, దాని జోలికి పోవద్దు. వేలికి ఎర్రగా పొడి అంటితే అది ఇంకా తింటున్న తుప్పు. పల్చటి మెషిన్ ఆయిల్ పూసి ఒక రాత్రి నానబెట్టి, నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో వేలిముద్రంత భాగం చొప్పున మెల్లగా రుద్ది, నూలు గుడ్డతో తుడవాలి. నల్లటి పూత లేస్తున్నట్టు అనిపిస్తే అక్కడికి ఆపేయాలి. ఆసిడ్ కలిసిన తుప్పు మందులు ఆ పూతను కూడా తినేస్తాయి. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండుతో తోమడం ఇంకో పొరపాటు. పులుపు స్క్రూల సందుల్లోకి దిగి, బయట మెరుస్తుండగానే లోపల కొత్త తుప్పు పుట్టిస్తుంది.

కర్రకు పచ్చి అవిసె నూనె కొన్ని చుక్కలు అరచేత్తో రుద్ది, పూటంతా ఆగి, మిగిలింది తుడిచేయాలి. రెండు మూడు వారాలకు ఒకసారి చొప్పున నాలుగైదు సార్లు చాలు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయొద్దు. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ముద్దగా ఉన్న గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి, అందులోనూ మన మే నెల ఎండల్లో. పరిచి ఆరబెట్టాలి.

స్క్రూలు విప్పాలని చేయి గుంజుతుంది. వద్దు. పాత లీ-ఎన్‌ఫీల్డ్ పిడిని విప్పాలని వెనక నుంచి పిడి బోల్టు (పిడిని బిగించే పొడుగు మర) తిప్పితే ముందు కర్ర చీలుతుంది. ఆ పిడి బోల్టు చదరపు కొస ముందు కర్రలోని పలకలో ఇరుక్కొని ఉంటుంది, అందుకని ముందు కర్రను తీశాకే పిడి తీయాలి. ఇది తెలియక చీలిన కర్రలకు లెక్క లేదు.

తోలు సంచిలో దాచొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఇనుప బీరువాలో, కర్రకు గాలి తగిలేలా నిలబెట్టి, పావుకిలో సిలికా జెల్ పెడితే వానాకాలం గడుస్తుంది. రంగు మారగానే మార్చాలి. చేత్తో పట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవాలి, చెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పట్టిస్తుంది.

అప్పగించడం, లేదా వారసత్వంగా తీసుకోవడం

లైసెన్సుదారు చనిపోతే తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. దాంతో హక్కు పోదు. వారసులు 2016 ఆయుధాల నియమాల కింద తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా లైసెన్సు ఉన్నవారికి అమ్మవచ్చు. లైసెన్సుదారు బతికుండగానే, డెబ్బై ఏళ్లు నిండినా, పాతికేళ్లుగా తుపాకీ ఉన్నా, వారసుడి పేరున మార్పించే వీలుంది. ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి, వారసత్వంగా వచ్చినా సరే. పాత లైసెన్సు పుస్తకానికి యూనిక్ నంబరు (ఒక్కో లైసెన్సుదారుకు ఇచ్చే గుర్తింపు నంబరు) లేకుంటే అది చెల్లదు, ముందు దాని సంగతి చూడండి. దరఖాస్తు కలెక్టరుకా, పోలీసు కమిషనరుకా అన్నది మీ ఊరు ఎవరి పరిధిలో ఉందో దాన్ని బట్టి ఉంటుంది.

ఏ కాగితమూ లేని తుపాకీ దొరికితే, అది నిషిద్ధ బోరు అయితే మరీ, దాన్ని సంచిలో పెట్టుకొని ఆటోలో స్టేషన్‌కు పోవద్దు. దారిలో తనిఖీలో దొరికితే అప్పగించడానికే పోతున్నానన్న మాట నిలబడటం కష్టం. అడ్వకేట్‌తో ఒక అర్జీ రాయించి, ఏ తేదీన, ఏ ఇంటి ఏ మూలన, ఎవరి ముందు దొరికిందో పేర్కొని, ఫొటోలు జతచేసి స్టేషన్‌లో ఇవ్వండి. వాళ్లే వచ్చి పంచనామా చేసి తీసుకుంటారు. నూరేళ్లు దాటినదైతే 1972 పురావస్తువుల చట్టం కూడా తగులుతుంది, కాబట్టి మ్యూజియానికి చేరాలన్న కోరిక ఉంటే ఆ మాట కూడా అదే అర్జీలో రాయండి. తర్వాత రసీదు తీసుకోండి. అందులో "పాత తుపాకీ ఒకటి" అని మాత్రమే ఉంటే ఒప్పుకోవద్దు. నమూనా, బోరు, నంబరు, ఏడాది, ఏ ఏ భాగాలు లేవో అన్నీ ఉండాలి. బోల్టు లేకుండా ఇచ్చిన రైఫిల్‌కు "బోల్టు లేదు" అన్న రెండు ముక్కలు కాగితం మీద లేకపోతే, రేపు ఆ బోల్టు ఎక్కడని మిమ్మల్నే అడుగుతారు.